మనోవర్తి బాకీ



కోర్టు ఆవరణలలోని చెట్ల క్రిందను, వరండాలలోను, ఎదుటి కాఫీ హోటళ్ల బల్లల వద్దను మేము తరచుగా వినుచుండు మాట యొకటి కలదు. భార్యకు మనోవర్తి చెల్లింపుమని ఉత్తరువు పొందిన మగవాడు బంధువులను చుట్టును చేర్చుకొని, "ఏముంది, నెల్లాళ్లు లోపల కూర్చుని వస్తాను. దానితో లెక్క చెల్లు" అని ధీమాగా పలుకును. చుట్టునున్నవారు తలలూపుదురు. ఆ ఇల్లాలి తండ్రి సహితము ఆ మాటను నమ్మి క్రుంగిపోవుట మేము చూచితిమి. ఆ మాట నిజము కాదు. ఎందుచేత కాదో, చెల్లింపనివానిని చట్టము ఏయే విధముల పట్టుకొనునో, ఎచ్చట జారవిడుచునో నేడు కొంత వివరింపదలచితిమి.

మనోవర్తిని పల్లెలలో మనువర్తి యనియు అందురు. మనుట యనగా బ్రదుకుట. పేరు ఏదైనను అందులోని సారము కూడు, గుడ్డ, ఇల్లు. బిడ్డలున్నచోట వారి చదువును, మందులును. ఈ హక్కును శీఘ్రముగ ఇప్పించుటకై 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 488వ సెక్షను ఉండెడిది. 1973 నాటి కోడులో అది 125వ సెక్షను ఆయెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదియే 144వ సెక్షను. అంకెలు మారినను చట్టము నడక చాలవరకు పూర్వపుదే. ఒక్క విషయమున మాత్రము గొప్ప మార్పు కలిగినది. 1955లో నెలకు 100 రూపాయలనుండి 500 రూపాయలకు పెంచిన గరిష్ఠ పరిమితి 2001వ సంవత్సరమువరకు కదలక నిలిచెను. 1955లో ఆ 500 రూపాయలు ఒక గుమాస్తా జీతమునకు మించిన పైకము. 2001 నాటికి పట్టణమున ఇంటి అద్దెకైనను చాలనిది. 2001లో ఆ పరిమితిని తొలగించిరి. ఇప్పుడు భర్త స్థితిగతులను, భార్యాబిడ్డల అవసరములను చూచి న్యాయస్థానము తగినంత మొత్తమును నిర్ణయింపవచ్చును.

తన్ను తాను పోషించుకొనలేని భార్య, విడాకులు పొంది మరల వివాహమాడని స్త్రీ, వివాహబంధమున పుట్టినను పుట్టకున్నను బిడ్డలు, తల్లిదండ్రులు దీని క్రింద అడుగవచ్చును. మతభేదము లేదు. విడాకులు పొందిన ముస్లిము స్త్రీయు ఈ త్రోవను రావచ్చునని, తెలంగాణమునుండి వెళ్లిన వ్యాజ్యములో 2024 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. కుటుంబ న్యాయస్థానమున్న పట్టణములలో అచ్చటను, లేనిచోట మొదటి తరగతి మేజిస్ట్రేటు వద్దను అర్జీ పెట్టుకొనవలెను. హిందువులకు 1955 నాటి వివాహ చట్టము, 1956 నాటి దత్తత, మనోవర్తుల చట్టము వేరుగ కలవు. వానిలోనికి నేడు లోతుగ పోము.

బకాయి యెట్లు పుట్టునో ముందు చూతము. 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పునందు, మనోవర్తిని అర్జీ దాఖలైన తేదీనుండియే ఇప్పింపవలెనని దేశమందలి న్యాయస్థానములన్నిటికి మార్గము చూపినది. భార్యాభర్తలిరువురును తమ ఆదాయమును, ఆస్తిని, అప్పులను ప్రమాణపత్రమున వ్రాసి దాఖలు చేయవలెననియు అందే నిర్దేశించినది. ఈ తేదీ మాట చిన్నదిగ కనబడును గాని లెక్క వేసి చూడుడు. నెలకు 8,000 రూపాయలని తీర్పు వచ్చినదనుకొందము. వ్యాజ్యము రెండేండ్లు నడచినదనుకొందము. మధ్యలో ఏమియు చెల్లింపకున్నచో, తీర్పు వెలువడిన నాటికే 1,92,000 రూపాయల బకాయి అతని నెత్తిపై ఉండును. వాయిదాలు అడుగుచు కాలము గడుపుట లాభమని తలచినవానికి ప్రతి వాయిదాయు బరువే. పెద్ద వ్యాజ్యము తేలువరకు ఇల్లాలు పస్తుండనక్కరలేదు. మధ్యంతర మనోవర్తిని కోరు అర్జీని, నోటీసు అందిన 60 దినములలో సాధ్యమైనంతవరకు తేల్చవలెనని చట్టమే చెప్పుచున్నది. ఆ సాధ్యమైనంతవరకు అను మాటలో ఎన్ని నెలలు ఇముడునో కోర్టుల చుట్టు తిరిగినవారికి తెలియును.

ఇక చెల్లింపనివాని సంగతి. తగిన కారణము లేక ఉత్తరువును ఉల్లంఘించినచో మేజిస్ట్రేటు మొదట వసూలు వారంటు జారీ చేయును. ఇది జుల్మానా వసూలు చేయు పద్ధతినే నడచును. అనగా అతని చరాస్తిని, బండి, టెలివిజను, బీరువా మొదలగువానిని జప్తుచేసి వేలము వేయవచ్చును. అది చాలదనుకొన్నచో జిల్లా కలెక్టరుకు వారంటు పంపవచ్చును; అప్పుడు ఆ పైకము భూమిశిస్తు బకాయివలె చరాస్తినుండియు స్థిరాస్తినుండియు వసూలగును. పొలముగల భర్తల విషయమున ఈ రెండవ త్రోవ మిక్కిలి బలమైనది. అయినను దీనిని అడుగువారు మాకు అరుదుగ కనబడిరి. శిస్తు బకాయికి పొలము వేలమునకు వచ్చుననగా మన పల్లెలలో ఇప్పటికిని జంకుదురు. చెరసాల మాటకు జంకనివాడు సహితము దీనికి జంకును.

ఆ వారంటు నడచిన పిదప ఇంకను మిగిలియున్న బాకీకే చెరసాల. ఒక నెల వరకు, లేదా అంతకు ముందే చెల్లించినచో చెల్లించునంతవరకు, అతనిని నిర్బంధింపవచ్చును. నెల్లాళ్ల కథ యిచ్చటనే పుట్టినది. జనుల భ్రమకు ఒక కారణము కలదు. నేరము చేసి జుల్మానా పడినవాడు, అది కట్టక దానికి బదులుగ విధించిన శిక్షను పూర్తిగ అనుభవించినచో, సాధారణముగ అతనిపై మరల వసూలు వారంటు ఉండదు. మనోవర్తియు జుల్మానావలెనే వసూలగును గనుక ఇదియు అట్లే తీరునని తలచిరి. కాని మనోవర్తి జుల్మానా కాదు. జుల్మానా ప్రభుత్వమునకు చెందవలసిన దండన. మనోవర్తి యొక మనిషి ఆకలికి చెందవలసిన పైకము. భర్త లోపల కూర్చున్నంతమాత్రమున ఇచ్చట బిడ్డ కడుపు నిండదు.

ఈ ప్రశ్నయే 1988లో సుప్రీంకోర్టు ముందునకు వచ్చినది. చెరసాల యనునది చెల్లింపజేయుటకు ఒక సాధనమే గాని చెల్లింపునకు మారు కాదనియు, పైకము వాస్తవముగ చేతికి అందినప్పుడే బాధ్యత తీరుననియు ఆ న్యాయస్థానము నిర్ద్వంద్వముగ చెప్పినది. కావున నెల్లాళ్లు ఉండి వెలుపలికి వచ్చినవాని కొరకు అదే బకాయి వాకిట కూర్చుండియుండును. ఆ నెల్లాళ్ల మనోవర్తియు దానికి కలిసియుండును. అతని ఆస్తిని మరల జప్తు చేయవచ్చును. తరువాతి నెలలకు చెల్లింపకున్నచో మరల అర్జీ పెట్టి మరల లోపలికి పంపవచ్చును. పలు నెలల బకాయికి ఒకే అర్జీపై నెలకొక నెల చొప్పున శిక్ష వేయవచ్చునా, మొత్తముమీద ఒక్క నెలయేనా అనుచోట వివాదము కలదు. ఒక నెలకు మించరాదని 1999లో సుప్రీంకోర్టు పలికినది. ఆ తీర్పునకు ఉన్నత న్యాయస్థానములు చెప్పిన అర్థములన్నియు ఒక్కటిగ లేవు. ఈ తర్కము వకీళ్లకు విడుతము. ఇల్లాలు గుర్తుంచుకొనవలసినది, ఎన్ని నెలలు లోపలనున్నను బాకీలో ఒక్క రూపాయియు తగ్గదని.

భర్తకు తెలియని సంగతి యిది కాగా, భార్యకు తెలియని సంగతి మరియొకటి కలదు. ఇదియే మాకు ఎక్కువ బాధ కలిగించునది.

ఒక ఇల్లాలు ఉత్తరువును చీరల నడుమ మడతపెట్టి పెట్టెలో భద్రముగ దాచుకొని మూడేండ్ల తరువాత మా వద్దకు తెచ్చెను. నెలకు 6,000 రూపాయలు. ఒక్క నెలయు అందలేదు. ఇన్నాళ్లు ఏమి చేసితివమ్మా యని అడుగగా, "ప్రతి సంక్రాంతికీ మా మరిది వచ్చి, పంట చేతికి రాగానే అన్నయ్య ఇస్తాడు వదినా, కోర్టుకు మాత్రం వెళ్లకు అనేవాడండీ" అనెను. మరిది మంచివాడే కావచ్చును. కాని చట్టములో ఒక నియమము కలదు. ఏ నెల పైకమైనను బాకీపడిన తేదీనుండి ఒక సంవత్సరములోపల వసూలునకు అర్జీ పెట్టుకొననిచో, ఆ నెలకు వారంటు ఇయ్యరు. ఆమెకు రావలసినది 36 నెలలకు 2,16,000 రూపాయలు. వారంటు పద్ధతిన అడుగదగినది కడపటి 12 నెలల 72,000 రూపాయలు మాత్రమే. మిగిలిన 1,44,000 రూపాయలకు వారంటును, చెరసాల భయమును లేవు.

అంతమాత్రమున ఆ పైకము పోయినట్లు కాదు. సంవత్సరపు గడువు హక్కును చంపదనియు, ఆ శీఘ్రమైన సాధనమును మాత్రమే తొలగించుననియు, సివిలు మార్గమున వసూలు చేసికొనవచ్చుననియు 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆమెకు ఆ మాటయే చెప్పి పంపితిమి. సివిలు మార్గమనగా ఆమె ముఖము వాడిపోయెను. ఆమె తండ్రి పొలము గట్టు తగవు ఆ కోర్టులోనే ఏండ్ల తరబడి నడచెనట. గడువులోపల ఒక్కసారి అర్జీ పడినచో, అది తేలులోపల పెరుగు బకాయిని అందే చేర్చి అడుగవచ్చును, ప్రతిసారి క్రొత్త అర్జీ అక్కరలేదని 2005లో తీర్పు కలదు. కావున మరిది మాటను మన్నించదలచినను, అర్జీ పడవేసి పిదప మన్నించుట మేలు.

సివిలు మార్గము నెమ్మదియైనదే గాని నెలజీతము తెచ్చుకొనువాని విషయమున అది గట్టిది. మనోవర్తి ఉత్తరువును సివిలు డిక్రీవలె అమలు జరుపవచ్చునని పైన చెప్పిన 2020 తీర్పునందు కలదు. సాధారణమైన అప్పు డిక్రీకి జీతమును జప్తు చేయునప్పుడు, మొదటి 1,000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండు వంతులును ఉద్యోగికి వదలవలెను. మనోవర్తి డిక్రీకి వదలవలసినది జీతములో మూడింట ఒక వంతు మాత్రమే. మినహాయింపుగల భత్యములు పోగా ఒకని జీతము 31,000 రూపాయలనుకొందము. షావుకారు డిక్రీ తెచ్చినచో అందులో 10,000 రూపాయలకే చేయి వేయగలడు. భార్య తెచ్చినచో 20,667 రూపాయలవరకు పట్టవచ్చును. ఇంటి అన్నమునకు చట్టమిచ్చిన గౌరవము ఈ రెండంకెల నడుమ కనబడును. ఇంతేకాక 2005 నాటి గృహహింస చట్టము క్రింద ఇచ్చిన పైకపు ఉత్తరువును భర్త పాటింపనిచో, జీతములో కొంత భాగమును నేరుగ భార్యకు చెల్లింపుమని, లేదా కోర్టులో జమకట్టుమని మేజిస్ట్రేటు యజమానినే ఆదేశింపవచ్చును. మధ్యన భర్త చేయి తగులనే తగులదు.

సివిలు న్యాయస్థానమును భర్తను నిర్బంధింపవచ్చును. బాకీ 5,000 రూపాయలకు మించినచో మూడు నెలలవరకు. కాని చెల్లింపగల తాహతుండియు చెల్లింపలేదని, లేదా ఆస్తిని మరుగుపరచెనని, అట్టి కారణమేదైనను న్యాయస్థానమునకు తృప్తి కలుగునట్లు చూపవలెను. అచ్చట ఒక విచిత్రము కలదు. సివిలు చెరలో నున్నవాని బత్తాను డిక్రీదారే ముందుగ కట్టవలెను. అనగా అన్నము పెట్టనందులకు భర్తను పట్టించిన ఇల్లాలు, ఆ భర్త అన్నమునకు తానే పైకము చెల్లింపవలెను! అప్పులిచ్చు షావుకార్లను దృష్టిలో నుంచుకొని వ్రాసిన నియమమిది. ఇంటి తగవులకు ఇది తగదని మా అభిప్రాయము. అందుచే సివిలు మార్గమున పోవువారు మనిషిని గాక జీతమును పట్టుట మంచిదని మేము చెప్పుచుందుము. అచ్చటను చెర బాకీని తీర్చదు గాని, విడుదలైనవానిని అదే డిక్రీపై మరల నిర్బంధింపరాదు.

భర్తలు చెప్పు సాకులు కొలదిగనే ఉండును. అవియే మరల మరల వచ్చును. నాకు పని లేదనునది మొదటిది. శరీరబలముగల భర్త కూలి చేసియైనను భార్యాబిడ్డలను పోషింపవలసినదేయని 2022లో సుప్రీంకోర్టు చెప్పినది. నాతో వచ్చి కాపురముండుమనుము, పెట్టెదను అనునది రెండవది. ఇది వినుటకు ధర్మముగనే ఉండును. భార్య నిరాకరణకు కారణము లేనిచో నిలుచును గూడ. కాని అతడు మరియొక వివాహము చేసికొన్నను, మరియొక స్త్రీని ఉంచుకొన్నను, రానని చెప్పుటకు ఆమెకు న్యాయమైన కారణము కలదని చట్టమే వ్రాసినది. కాపురమునకు రమ్మని భర్త పొందిన డిక్రీని పాటింపనంతమాత్రమున మనోవర్తి తప్పక పోవుననుటకు వీలులేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పలికినది. మూడవది, పొలమును అన్నగారి పేర వ్రాసితిననుట. ఆస్తినుండి మనోవర్తి పొందు హక్కు భార్యకున్నదని తెలిసి కొన్నవానిపైనను, ఊరక దానముగ పొందినవానిపైనను ఆ హక్కు నడచునని 1956 నాటి చట్టము చెప్పుచున్నది.

అన్ని సాకులును సాకులే యనుటయు న్యాయము కాదు. మిల్లు మూతపడినవాడు, పక్షవాతము వచ్చినవాడు, నిజముగ చితికిపోయినవాడు కలరు. అట్టివారికి చట్టము తలుపు తెరచియే ఉంచినది. స్థితి మారినచో మొత్తమును మార్చుమని 146వ సెక్షను క్రింద అర్జీ పెట్టుకొనవచ్చును. ఖర్చులు పెరిగిన భార్యయు హెచ్చింపుమని అడుగవచ్చును. చెడిపోవునది ఎచ్చటననగా, అర్జీ పెట్టక, చెల్లింపక, సమన్లు వచ్చినప్పుడు ఇంట లేనని చెప్పించుటలో. ఉత్తరువు మారువరకు పాత అంకెయే నెలనెల పెరుగుచుండును. ఉద్యోగము పోయిన నెలలోనే అర్జీ పెట్టిన పురుషుని మాటకు న్యాయస్థానమున విలువ యుండును. రెండేండ్లు దాగి, వారంటుతో పట్టుబడిన దినమున వైద్యుని చీటీ చూపువానికి అది యుండుట కష్టము.

విదేశములలో నున్న మనవారి మాట యొకటి. కోర్టు సమన్లనో వారంటునో తప్పించుకొని తిరుగువాని పాస్‌పోర్టును స్వాధీనము చేసికొను అధికారము 1967 నాటి పాస్‌పోర్టుల చట్టము క్రింద పాస్‌పోర్టు అధికారికి కలదు. అమెరికాలో అచ్చటి న్యాయస్థానములు బిడ్డల పోషణకై విధించిన పైకము 2,500 డాలర్లకు మించి బాకీపడినచో, ఆ దేశపు పౌరునికి పాస్‌పోర్టు నిరాకరింతురు. ఆ దేశములో స్థిరపడి పౌరసత్వము పొందిన తెలుగువారికిని ఇది వర్తించును.

బిడ్డల విషయమున రాజీపత్రములు వ్రాయు పెద్దమనుష్యులకు ఒక మాట. మొత్తముగ కొంత పుచ్చుకొని, ఇకపై నాకును బిడ్డకును ఏమియు అక్కరలేదని తల్లిచేత వ్రాయించుచుందురు. బిడ్డ హక్కు బిడ్డదే. తల్లి సంతకముతో అది పోదని న్యాయస్థానములు పలుమారు చెప్పినవి. అట్టి కాగితమును చూపి తండ్రి తప్పించుకొనజాలడు. తల్లిదండ్రులను చూడని కుమారులకును, కుమార్తెలకును ఇదే సంహితతో పాటు 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము వేరుగ కలదు. అందును చెల్లింపకున్నచో వారంటును, నెల వరకు చెరయు ఉన్నవి. ఆ ట్రైబ్యునలు వద్ద గడువు ఇంకను చిన్నది, మూడు నెలలే.

చట్టములో లోపము కంటె అమలులో లోపమే హెచ్చని మా అభిప్రాయము. వారంటు తనంత తాను నడువదు. ముద్దాయి ఇంట లేడని వ్రాసి పోలీసువారు దానిని త్రిప్పిపంపుట కద్దు. అతడు పనిచేయు చోటు, క్రొత్తగ అద్దెకు దిగిన ఇల్లు, బండి నంబరు, పొలము సర్వే నంబరు, జీతము పడు బ్యాంకు: వీనిని ఎవ్వరును వెదకి తెచ్చియియ్యరు, ఇల్లాలి పక్షమువారే సేకరించి అర్జీలో వ్రాయవలెను. అతడు ఊరు మారెనని దిగులుపడనక్కరలేదు. శ్రీకాకుళమున పుట్టిన ఉత్తరువును, అతడు హైదరాబాదులో నున్నచో అచ్చటి మేజిస్ట్రేటుచేతనే అమలు జరిపించుకొనవచ్చును. మనుష్యులు వారేయని, పైకము ముట్టలేదని ఆయనకు నమ్మకము కలిగిన చాలును. ఉత్తరువు నకలును ఆమెకు ఉచితముగ ఇయ్యవలెనని చట్టమున నున్నది. దానికై గుమాస్తాకు పైకము ఇయ్యనక్కరలేదు.

వకీలుకు ఇచ్చుకొనలేనివారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోవచ్చును. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును, బిడ్డలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచితముగ వకీలును ఇత్తురు. 15100 నంబరునకు టెలిఫోను చేసినను దారి చెప్పుదురు. పోవునప్పుడు ఉత్తరువు నకలును, బ్యాంకు పుస్తకమును, ఏ నెలనుండి ఏ నెలవరకు ఎంత రాలేదో వ్రాసిన ఒక కాగితమును వెంట తీసికొనిపోవలెను. మొట్టమొదట బాకీపడిన నెలకు సంవత్సరము నిండు తేదీని ఆ కాగితము పైభాగముననే వ్రాసికొనవలెను.